లైబ్రేరియన్ డిటెక్టివ్ కావాలంటే ముందు రిజిస్టరు తెరవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

తెలుగులో అపరాధ పరిశోధన నవలలు మళ్లీ రావాలని కోరుతూ మీ పత్రికకు పాఠకులు రాస్తున్న ఉత్తరాలు చూస్తున్నాం. తుపాకులూ వెంటాడటాలూ లేకుండా, చిన్న ఊళ్లో జరిగే కథలో లైబ్రేరియనే చిక్కుముడి విప్పే నవల కావాలని వారు అడుగుతున్నారు. ఇంగ్లీషులో ఈ తరహాని కోజీ మిస్టరీ అంటారు. హత్య జరిగినా నెత్తురు పేజీ మీద కనపడదు. పరిశోధించేది పోలీసు కాదు, ఊళ్లో అందరికీ తెలిసిన మామూలు మనిషి. అమెరికాలో ఈ తరహా రచనల కోసమే మేరీల్యాండ్ రాష్ట్రంలో ఏటా సభ జరిపి, 1989 నుంచి అగాథా పేరుతో బహుమతులిస్తున్నారు. లైబ్రేరియన్ నాయికగా ఉన్న నవలలు అక్కడ వరసగా వస్తున్నాయి. మన దగ్గరా అలాంటి పాత్ర రావాలని మాకూ ఉంది. శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి విరమించినవాళ్లం కాబట్టి, రాయబోయేవారికి అక్కరకొచ్చే సంగతులు కొన్ని చెబుతున్నాం.

ఈ తరహా నవలల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. నాయిక బోలెడన్ని డిటెక్టివ్ నవలలు చదివింది కాబట్టి నేరస్థుణ్ని పట్టేస్తుంది. ఆమె ఉద్యోగం గోడకు కొట్టిన రంగులాంటిదే. లైబ్రేరియన్‌ని తీసేసి మందుల షాపు ఆవిడను పెట్టినా కథ మారదు. అసలు లైబ్రేరియన్ బలం చదివిన పుస్తకాల్లో లేదు. ఆమె చేతి మీదుగా పోయే ప్రతి వస్తువుకీ కాగితం మీద ఆనవాలు మిగులుతుంది. ఆ ఆనవాళ్లు ఎక్కడ ఉంటాయో, ఎక్కడ ఉండవో ఆమెకు తెలుసు. కథ నడవాల్సింది దాని మీద.

మొదట డేట్ స్లిప్. పుస్తకం మొదట్లోనో చివర్లోనో ఉండే ఖాళీ పేజీకి అంటించే ఆ చీటీ మీద ముద్ర పడేది పుస్తకం తీసుకున్న తేదీ కాదు, తిరిగి ఇవ్వాల్సిన తేదీ. చాలామంది రచయితలు ఇక్కడే బోల్తా పడతారు. గడువు పదిహేను రోజులనుకుంటే, 20వ తేదీ ముద్ర ఉన్న పుస్తకం 5వ తేదీన బయటికి వెళ్లింది. ‘20న ఆయన లైబ్రరీకి వచ్చాడు, ఇదిగో రుజువు’ అని నాయికే అంటే, మా వృత్తిలో ఉన్నవారెవరూ ఆ పేజీ దాటి చదవలేరు. ఆ తప్పును ఎస్సై చేత చేయించి, లైబ్రేరియన్ చేత సరిదిద్దిస్తే మాత్రం అందమైన మలుపు. నిందితుడు ఆ రోజు నేరం జరిగిన చోట లేననడానికి చూపిన ఆధారం పదిహేను రోజులు వెనక్కి జరుగుతుంది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. గడువు పొడిగించినా కొత్త ముద్ర పడుతుంది. అంటే స్లిప్ మీద ఐదు ముద్రలున్నాయని ఐదుగురు చదివినట్టు కాదు. మరొకటి, తేదీల రబ్బరు స్టాంపు చక్రాలను రోజూ ఉదయం తిప్పాలి. మర్చిపోతే, గుర్తొచ్చేదాకా వెళ్లిన పుస్తకాలన్నిటి మీదా నిన్నటి లెక్కే పడుతుంది. ఒక్క ముద్రను నమ్మకూడదు. అదే పూట వెళ్లిన మిగతా పుస్తకాలనూ తెప్పించి చూడాలి. తెలివైన నాయిక చేసే పని అది.

తర్వాత రచయిత తేల్చుకోవాల్సింది తన కథలోని లైబ్రరీ పుస్తకాలను ఏ పద్ధతిలో ఇస్తుందన్నది. ఇది చిన్న విషయం కాదు. కథ మొత్తం దీని మీద ఆధారపడుతుంది.

చిన్న శాఖల్లో ఇష్యూ రిజిస్టరు ఉంటుంది. తేదీ, సభ్యత్వ సంఖ్య, పుస్తకం నంబరు, సంతకం. రిజిస్టరు భద్రంగా ఉన్నంతకాలం పదేళ్ల కిందటి సంతకం కూడా దొరుకుతుంది. సంతకం సభ్యుడిదేనా, అతని పేరు మీద వచ్చిన మనవడిదా అన్నది మరో ప్రశ్న. పెద్ద లైబ్రరీల్లో చాలాకాలం నడిచింది బ్రౌన్ పద్ధతి. సభ్యుడి దగ్గర తన పేరున్న టికెట్లు ఉంటాయి, ఒక్కో టికెట్టుకు ఒక్కో పుస్తకం. టికెట్టంటే చిన్న సంచీలాంటి అట్ట. పుస్తకం ఇచ్చేటప్పుడు దాని పేరూ నంబరూ రాసి లోపల ఉంచిన బుక్ కార్డు తీసి ఆ టికెట్టులో దూర్చి, గడువు తేదీ ప్రకారం ట్రేలో నిలబెడతారు. పుస్తకం తిరిగి రాగానే కార్డు పుస్తకంలోకి, టికెట్టు సభ్యుడి చేతికి వెళ్లిపోతాయి. ఎవరు తీసుకున్నారన్న గుర్తు అంతటితో చెరిగిపోతుంది. ఈ పద్ధతి ఉన్న లైబ్రరీలో ‘మూడేళ్ల కిందట ఈ పుస్తకం ఎవరు తీసుకున్నారో చూశాను’ అని నాయిక అంటే అది అబద్ధం. ఆ పద్ధతి ఇచ్చే ఆనవాలు వేరే ఉంది. చనిపోయిన మనిషికి మూడు టికెట్లు హక్కు ఉండి, జేబులో రెండే దొరికాయనుకోండి. మూడోది ఆయన పోగొట్టుకోకపోతే లైబ్రరీ ట్రేలో ఉంటుంది, దానిలో ఒక బుక్ కార్డు ఉంటుంది, ఆ పుస్తకం ఇంకా ఎక్కడో బయట ఉంది. అది ఆయన ఇంట్లో లేకపోతే ఎవరి దగ్గరుంది? నవల మొదటి అధ్యాయానికి ఇంతకంటే మంచి ప్రశ్న అక్కర్లేదు.

మూడోది నెవార్క్ పద్ధతి. దీనిలో బుక్ కార్డు మీదే సభ్యుడి నంబరూ తేదీ రాస్తారు, పుస్తకం వెనక్కి వచ్చినా అవి అలాగే ఉంటాయి. కార్డు నిండిపోతే కొత్తది పెడతారు. పాతది పారేశారా, కట్ట కట్టి అటకెక్కించారా అన్నది ఆ లైబ్రరీ అలవాటు. ఇప్పుడు కంప్యూటర్ వచ్చిన చోట కోహా, ఈ-గ్రంథాలయ లాంటి సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు. కోహాలో పాత ఇష్యూల నుంచి సభ్యుడి పేరు తొలగించే ఏర్పాటు ఉంది. ఒక మీట నొక్కి గతమంతా చూసేసే సన్నివేశం రాసేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక అక్సెషన్ రిజిస్టరు. మా వృత్తిలో దీనికి మించిన దస్తావేజు లేదు. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక వరస సంఖ్య, దాని పక్కన తేదీ, రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, ఎక్కడ కొన్నారు లేదా ఎవరిచ్చారు, బిల్లు నంబరు, ధర, చివర రద్దు చేస్తే ఎప్పుడు ఎందుకు అన్నది. పుస్తకం పోయినా ఆ సంఖ్యను ఇంకో పుస్తకానికి ఇవ్వరు. తప్పు పడితే చెరపరు, కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెడతారు. అందుకే ఇందులో దొంగ పని చేయడం కష్టం. మధ్యలో కొత్త వరస చొప్పించడానికి వీల్లేదు. చొప్పించినవాడు సంఖ్య పక్కన ‘ఎ’ అని పెట్టి ఇరికించాల్సిందే, అది అక్కడే పట్టుబడుతుంది.

పుస్తకం దొంగిలించినవాడు ఏం చేస్తాడు? ముద్ర ఉన్న శీర్షిక పేజీ చింపేస్తాడు, డేట్ స్లిప్ తడిపి ఊడదీస్తాడు, వెన్ను మీద లేబుల్ గీకేస్తాడు. అన్నీ అయిపోయాయనుకుంటాడు. కానీ చాలా లైబ్రరీలకు ఒక సీక్రెట్ పేజీ ఉంటుంది. 25వ పేజీనో 51వ పేజీనో ముందే నిర్ణయించుకుని, అన్ని పుస్తకాల్లోనూ ఆ పేజీలో అడుగున అక్సెషన్ నంబరు వేస్తారు. ఆ పేజీ ఏదో సిబ్బందికే తెలుసు. పాత పుస్తకాల దుకాణంలో నాయిక ఒక పుస్తకాన్ని తెరిచి నేరుగా ఆ పేజీకి వెళ్లే సన్నివేశం కోసం మేమంతా ఎదురుచూస్తున్నాం. దొంగ ఆ పేజీని కూడా చింపి ఉంటే మరీ మంచిది: దాని సంగతి తెలిసినవాడెవడో లోపలివాడే.

పుస్తకం ఏ వరసలో ఉండాలో చెప్పే కాల్ నంబరును రహస్య సంకేతంగా వాడటం రచయితలకు మహా ఇష్టం. వాడుకోండి, కానీ సరిగ్గా. డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యం 894.827, నవలైతే దాని చివర 3 చేరుతుంది. రంగనాథన్ కోలన్ పద్ధతిలో ఇదే పుస్తకానికి పూర్తిగా వేరే నంబరు వస్తుంది. చిన్న శాఖల్లో నవలలకు ఏ నంబరూ పెట్టక, రచయిత పేరు మొదటి అక్షరాన్ని బట్టి బీరువాలో సర్దేసే చోట్లూ ఉన్నాయి. కాబట్టి హతుడి చేతిలో 894.8273 అన్న చీటీ దొరికితే, అది ఊళ్లోని శాఖా గ్రంథాలయానిది కాకపోవచ్చు. పక్క పట్నంలోని కాలేజీ లైబ్రరీది కావచ్చు. సంకేతం విప్పడం కంటే, ఆ సంకేతం ఎక్కడిదో తేల్చడం పాఠకుడికి ఎక్కువ రుచిగా ఉంటుంది.

కాగితమే సాక్ష్యం చెప్పే చోట్లు ఇంకా ఉన్నాయి. పుస్తకాన్ని తొలిచే పురుగు ఒక పేజీ నుంచి పక్క పేజీకి సొరంగంలా పోతుంది. వరసగా వచ్చే కన్నాల మధ్య ఒక్క కాగితానికి కన్నం లేకపోతే, ఆ కాగితం పురుగు పోయాక చేర్చినది. వెండిరంగులో మెరుస్తూ పరుగెత్తే పురుగు మాత్రం అలా సొరంగం చేయదు, ఎక్కువగా పైపైన గీకుతుంది. చెదలు మట్టి వదులుతాయి. మూడిటినీ కలిపేసి ‘చెద తొలిచిన గుండ్రటి కన్నం’ అని రాయకండి. ధర చూడండి: 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. ‘రూ. 2-8-0’ అని రూపాయలు, అణాలు, పైలలో వేసిన పుస్తకం 1970లో అచ్చయిందంటే అనుమానించాలి. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్, 978తో మొదలయ్యే 13 అంకెల రూపంలో 2007 నుంచి వచ్చింది. 1965 నాటి ప్రథమ ముద్రణ అని అమ్మజూపే ప్రతి మీద అది ఉంటే ఇంక చెప్పేదేముంది? ఇవన్నీ మామూలు మనిషి కంటికి కనపడుతూనే గుర్తుకు రాని సంగతులు. అపరాధ పరిశోధనకు అలాంటివే కావాలి.

పాత పత్రికల గది గురించి కూడా చెప్పాలి. బైండు చేసిన పత్రికల్లోంచి ఎవరో ఒక వార్త కత్తిరించుకుపోవడం కోజీ నవలకు తగిన నేరం. బ్లేడుతో కోస్తే కింది రెండు మూడు కాగితాల మీద సన్నటి గాటు పడుతుంది, దాన్నిబట్టి పోయిన ముక్క కొలతలు తెలుస్తాయి, అంటే అది ఎన్ని కాలమ్‌ల వార్తో తెలుస్తుంది. పత్రికల కాగితం అంచుల నుంచి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. కోసిన అంచు పేజీ మధ్యభాగంలాగే లేతగా ఉంటే కోత కొత్తది. ఇక్కడ రచయితలు మరిచేది ఒకటి: అదే తేదీ పత్రిక ఇంకో లైబ్రరీలో దొరికినంత మాత్రాన ఆ వార్త దొరకదు. జిల్లా పేజీలు ఎడిషన్‌కొక తీరుగా ఉంటాయి. గుంటూరు ప్రతిలో ఉన్నది విశాఖ ప్రతిలో ఉండకపోవచ్చు. నాయికను ఆ పొరపాటుతో ఒకసారి ఉత్త చేతులతో తిప్పి పంపితే కథకు బలం వస్తుంది.

నేరాల ఎంపిక విషయంలో కూడా కొంచెం జాగ్రత్త కావాలి. పుస్తకం కనపడకపోతే దొంగతనమే అనుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల లైబ్రరీలకు వర్తించే ఆర్థిక నియమాల్లో (2017), ఏడాదిలో ఇచ్చిన లేదా చదవడానికి తీసిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనని ఒప్పుకున్నారు. అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతేనే సుమా. వెయ్యి రూపాయలు మించిన పుస్తకమో, అరుదైనదో పోతే మాత్రం విచారణ తప్పదు. పోయిందనుకున్న పుస్తకం తప్పు బీరువాలో దొరకడం మరీ మామూలు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తమకు కావాల్సిన పుస్తకాన్ని ఎవరూ తాకని వరసలో దాచి వెళ్తారు. ఎవరూ తాకని వరస ఏదో తెలిసినవాడు వీలునామా కూడా అక్కడే దాచగలడు.

వీలునామా మాట వచ్చింది కాబట్టి: లైబ్రరీ స్థలం తాలూకు దానపత్రం పోయింది, ఇంక స్థలం పోయినట్టే అనే కథ నిలబడదు. రిజిస్టరైన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1వ పుస్తకంలో ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకంతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. కాబట్టి దానంగా వచ్చిన పుస్తకాల కట్టలో రిజిస్టరు కాని వీలునామా దొరకడం మీద కథ కట్టండి, అది చట్టం ముందు కూడా నిలవగలదు. పాత ఇళ్లనుంచి దానంగా వచ్చే పుస్తకాల్లో ఉత్తరాలూ రసీదులూ ఫోటోలూ దొరకడం అసాధారణమేమీ కాదు. దాతల రిజిస్టరులో ఎవరు, ఎప్పుడు, ఎన్ని ఇచ్చారో ఉంటుంది కాబట్టి ఆ కాగితం ఏ ఇంటినుంచి వచ్చిందో చెప్పగలం.

మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇప్పుడు చెబుతాం. నవలల్లో లైబ్రేరియన్ ఎవరు ఏం చదువుతున్నారో పొరుగింటావిడకీ, పోలీసుకీ, ఫ్రెండుకీ చెప్పేస్తుంటుంది. అది మా వృత్తికి ద్రోహం. ఒక మనిషి విషాల మీద పుస్తకం చదివాడంటే హంతకుడని కాదు, విడాకుల చట్టం చదివిందంటే కాపురం చెడిందని కాదు. ఎవరికీ జవాబు చెప్పకుండా చదువుకోగలిగే చోటు కాబట్టే జనం లైబ్రరీకి వస్తారు. నాయికకు ఈ కట్టుబాటు ఉంటే కథకు నష్టమేమీ లేదు, పైగా అసలైన ఒత్తిడి అక్కడే పుడుతుంది. ఆమెకు పేరు తెలుసు, చెప్పకూడదు. ఎస్సై వచ్చి, ‘మేడమ్, ఆ పుస్తకం ఎవరు తీసుకెళ్లారు?’ అంటే ఆమె జవాబు ఇలా ఉండాలి: ‘కాగితం మీద రాసివ్వండి సార్, మా కార్యదర్శి గారికి పంపుతాను.’ ఆ కాగితం క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద వస్తుంది. కథ 2024 జూలై 1కి ముందు జరిగితే, దానికి ముందున్న చట్టం ప్రకారం సీఆర్‌పీసీ 91 అని రాయాలి. రిజిస్టరు స్వాధీనం చేసుకుంటే మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాస్తారు, నాయిక దాని రసీదు అడిగి తీసుకుంటుంది. రిజిస్టరును బ్యాగులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి రాత్రంతా చూసే నాయిక, కోర్టులో ఆ సాక్ష్యాన్ని తన చేతులతోనే చంపుకున్నట్టు. అది ఎక్కడుంది, ఎవరు దిద్దారు అన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుండదు. సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ప్రింటు అయితే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి.

మనుషుల సంగతికొస్తే ఎవరినీ కల్పించనక్కర్లేదు. తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చునే పింఛనుదార్లు, పేపరు మధ్య పేజీ కోసం పోట్లాడుకునేవాళ్లు, ఉద్యోగ ప్రకటనలు నోట్ చేసుకునే కుర్రాళ్లు, అన్నం క్యారేజీతో వచ్చే పరీక్షల పిల్లలు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో లైబ్రేరియన్‌కి తెలుసు. ఒక కుర్చీ ఖాళీగా ఉంటే మొదట గమనించేది ఆమే. చాలా శాఖలు ఉదయం, సాయంత్రం రెండు పూటలే తెరుస్తారు. నడిమధ్యాహ్నం మూసి ఉంచే ఆ గంటలు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్న, రచయితకు ఊరికే దొరికిన వరం. సభ్యత్వ ఫారం మీద పూచీ సంతకం చేసినవాడు ఎవరన్నది మరో దారం. ఇద్దరికీ పరిచయమే లేదన్న మనుషుల్లో ఒకరి ఫారం మీద ఇంకొకరి సంతకం ఉండవచ్చు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఊరంతా ఒక్క హాల్లో చేరుతుంది. అనుమానితులందరినీ ఒకచోట కూర్చోబెట్టడానికి అంతకంటే సహజమైన సందర్భం లేదు.

పాత కాలపు కథ రాయాలనుకునేవారికి మన నేల మీద చోట్లు చాలా ఉన్నాయి. నిజాం రాజ్యంలో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం, 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువ మీద నడిపిన పడవ గ్రంథాలయం. పడవ ఒక రేవులో పుస్తకం ఇచ్చి మరో రేవుకు పోతుంది, తిరిగి వచ్చేదాకా ఆ పుస్తకం ఎవరి చేతులు మారిందో తెలియదు. ఆ వాతావరణంలో ఒక నవల ఎందుకు రాకూడదు?

పాఠకుడికి చూపని ఆధారంతో నేరం తేల్చకూడదని 1929లో ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత రొనాల్డ్ నాక్స్ రాసిన పది నియమాల్లో ఒకటి. లైబ్రరీ కథలో దీన్ని పాటించడం తేలిక. రిజిస్టరు పేజీ ఒకటి మూడో అధ్యాయంలోనే యథాతథంగా అచ్చువేయండి, గళ్లతో సహా. డేట్ స్లిప్ మీద ఉన్నది గడువు తేదీ అన్న మాటను ఏదో జరిమానా తగాదాలో పాత్రల నోట ముందే అనిపించండి. సీక్రెట్ పేజీ సంగతి కొత్తగా చేరిన అటెండరుకు పని నేర్పే సందర్భంలో చెప్పించండి. చివర్లో నాయిక ఆ పేజీ తెరిచినప్పుడు పాఠకుడు ‘అరే, నాకూ తెలుసుగా’ అనుకోవాలి.

సంపాదకుల వారికి ఒక విన్నపం. ఇలాంటి నవలను సీరియల్‌గా తీసుకునేముందు మీ ఊళ్లోని ఏ గ్రంథపాలకురాలి చేతనైనా ఒకసారి చదివించండి. రచయితలకు కూడా అదే మాట. దగ్గర్లోని శాఖకు వెళ్లి, పని తక్కువగా ఉండే వేళ చూసి, సభ్యుల పేర్లు లేని అక్సెషన్ రిజిస్టరును, రద్దయిన ఒక పుస్తకాన్ని చూపించమని అడగండి. ఎందుకో చెబితే కాదనేవాళ్లు తక్కువ.

ఇట్లు,
విశ్రాంత గ్రంథపాలకులు కొందరు,
గుంటూరు జిల్లా